భూటాన్, నేపాల్ దగ్గర లెక్క వేరు
భార్యాభర్తల పాస్‌పోర్టులు వేర్వేరు దేశాలవైతే ఇబ్బందంతా ఇండియా పాస్‌పోర్టు ఉన్నవాళ్లకేనని, అమెరికా పాస్‌పోర్టు ఉన్నవాళ్లకి ఎక్కడికెళ్లినా దిగుల్లేదని ఒక వ్యాసంలో రాశారు. యూరప్ వరకైతే ఒప్పుకుంటాను గానీ మన పక్క దేశాల దగ్గర ఇది తిరగబడుతుంది. మాది పర్లాకిమిడి. మా అమ్మాయి ఇప్పటికీ ఇండియా పౌరురాలే, అల్లుడుగారు అమెరికా పౌరసత్వం తీసుకున్నారు. అందరం బరంపురంలో రైలెక్కి భూటాన్ వెళ్లాం. మాకు వీసా అక్కర్లేదు, పర్మిట్ చాలు, రుసుము మనిషికి రాత్రికి 1,200 రూపాయలు. ఆయనకి మాత్రం ముందే వీసా తీసుకోవాల్సి వచ్చింది, రుసుమేమో రాత్రికి 100 డాలర్లు! ఓసీఐ కార్డు (విదేశీ పౌరసత్వం ఉన్న భారత సంతతివాళ్లకి మన ప్రభుత్వం ఇచ్చేది) ఉంటే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. అది మన దేశంలోకి రావడానికే, భూటాన్ వాళ్లకి దానితో పనిలేదు. పైగా భూటాన్ సరిహద్దులో మనవైపు ఉన్న జైగావ్‌లో మన ఇమిగ్రేషన్ ఆఫీసుకి వెళ్లి ఆయన పాస్‌పోర్టు మీద ముద్ర వేయించుకోవాలి, మాకు ఆ పని లేదు. నేపాల్ కూడా అంతే, మనం ఊరికే వెళ్తాం, అమెరికా పాస్‌పోర్టుకి 15 రోజుల వీసాకి 30 డాలర్లు కట్టాలి. అందుకని ఎన్ని రాత్రులు ఉండాలో ఎక్కువ కట్టేవాళ్లని బట్టి నిర్ణయించుకుని, ఆ తర్వాతే హోటల్ బుక్ చేసుకోండి. ఓసీఐ కార్డుని పాస్‌పోర్టుతో పాటు చేతిసంచిలోనే ఉంచుకోండి, తిరిగి వచ్చేటప్పుడు రెండూ అడుగుతారు.