ఆ పొన్నులు అందానికే కాదండీ

ఐర్లండ్ ఇలియన్ పైప్స్ (మోచేత్తో తిత్తి నొక్కి వాయించే గొట్టాల వాయిద్యం) తయారీ మీద వ్యాసం బాగుంది. కానీ గొట్టాల చివర వేసే పొన్నులు, అంటే బిగింపు కట్లు, కేవలం అలంకారం అని అందులో అనడం సరికాదు. మన రోకలికి పొన్ను ఎందుకు వేస్తాం? కర్ర పగలకుండా! అక్కడా అంతే, అతుకు దగ్గర కర్ర చీలకుండా అదే పట్టి ఉంచుతుంది.

డబ్లిన్‌లో ఒక పాత వాయిద్యాన్ని దగ్గర్నుంచి చూశాను. నల్లటి చేవకర్ర మీద దంతపు పొన్ను తేనె రంగుకు తిరిగింది. దాని చుట్టూ వెంట్రుకంత సన్నని గీతలు. వేలు ఆనేచోట ఇత్తడి మీట అరిగి తళతళలాడుతోంది. ఎంత వాయించారో!

1990 నుంచి ఏనుగు దంతం అంతర్జాతీయ వ్యాపారం నిషేధం కాబట్టి ఇప్పుడు కృత్రిమ దంతంతోనూ చేస్తున్నారు. నాకదే నచ్చింది. పాట కోసం ఏనుగు చావక్కర్లేదు కదా.