లైసెన్స్ అక్కర్లేని స్కూటరే లాభమా? ఆ మెసేజ్‌కి నా జవాబు

వారం రోజులుగా మా నాచారం అపార్ట్‌మెంట్ గ్రూపులోనూ ఆఫీసు గ్రూపులోనూ ఒకటే మెసేజ్ తిరుగుతోంది. దాని సారాంశం ఇది: ‘లక్షా ఇరవై వేలు పోసి పెద్ద ఎలక్ట్రిక్ స్కూటర్ కొనడం దండగ. అరవై వేల బండి చాలు. లైసెన్స్ వద్దు, రిజిస్ట్రేషన్ వద్దు, ఇన్సూరెన్స్ వద్దు, హెల్మెట్ వద్దు. హైదరాబాద్ ట్రాఫిక్‌లో ఎలాగూ సగటున ఇరవై దాటి వెళ్ళలేం. పెద్ద బళ్ళు పేలతాయి, ఇవి పేలవు. ఇంట్లో పిల్లలు కూడా నడుపుకోవచ్చు. అరవై వేలు మిగిలినట్టే. కరెంటూ ఫ్రీ.’

మా ఆఫీసులో కొత్తగా చేరిన అమ్మాయి ఈసీఐఎల్ నుంచి బేగంపేటకి వస్తుంది. ఒక వైపు దాదాపు 15 కిలోమీటర్లు. ఈ మెసేజ్ చదివి, షాపుకి కూడా వెళ్ళొచ్చి, “అన్నా, అడ్వాన్స్ ఐదు వేలు అడుగుతున్నరు, కట్టేయనా?” అని అడిగింది. ఆగమన్నాను. ఇలాంటి బండి మా ఇంట్లోనే ఉంది. మా వదిన దాని మీద పడ్డ పాట్లు దగ్గరుండి చూశాను కాబట్టి ఇది రాస్తున్నాను.

‘లైసెన్స్ వద్దు, రిజిస్ట్రేషన్ వద్దు’ అన్న మాట నిజమే, కానీ దానికి షరతులున్నాయి. మెసేజ్ రాసినవాళ్ళు వాటిని వదిలేశారు. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల ప్రకారం ఒక బ్యాటరీ బండిని ‘మోటారు వాహనం కాదు’ అనాలంటే దాని మోటారు 250 వాట్ల లోపు ఉండాలి, గరిష్ఠ వేగం 25 కిలోమీటర్ల లోపు ఉండాలి, బ్యాటరీ తీసేస్తే బరువు 60 కిలోలు మించకూడదు. పుణేలోని ఏఆర్ఏఐ, మానేసర్‌లోని ఐక్యాట్ లాంటి పరీక్షా సంస్థ ఆ మోడల్‌ని పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చి ఉండాలి. వీటిలో ఒక్కటి తప్పినా అది మామూలు స్కూటరే. నంబర్ ప్లేటు, లైసెన్సు, ఇన్సూరెన్సు అన్నీ కావాలి.

షాపుల్లో జరిగేది వేరు. వదిన బండి కొన్న రోజు నేనూ వెంట వెళ్ళాను. “ఇరవై ఐదే పోతుందా?” అని ఆమె కాస్త అనుమానంగా అడిగింది. అక్కడి కుర్రాడు సీటు ఎత్తి, మోటారు వేగాన్ని అదుపు చేసే కంట్రోలర్ దగ్గర ప్లగ్గుతో కలిపి ఉన్న రెండు సన్నటి వైర్లు చూపించాడు. “ఈ జాయింట్ పీకేస్తే నలభై ఐదు పోతది మేడం. అందరూ గదే చేస్తరు” అన్నాడు. ఇంకో బండికి మా ముందే ప్లగ్గు ఊడదీసి చూపించాడు కూడా. ప్లగ్గు ఊడిన ఆ క్షణం నుంచి ఆ బండి చట్టం దృష్టిలో రిజిస్ట్రేషన్ లేని, ఇన్సూరెన్స్ లేని మోటారు వాహనం. రోడ్డు మీద పట్టుబడేది షాపువాడు కాదు, నడిపేవాళ్ళు. వదిన ఆ వైర్లు ముట్టనివ్వలేదు. మంచి పనే చేసింది.

రిజిస్ట్రేషన్ ఖర్చు మిగులుతుందన్న వాదనకి తెలంగాణలో బలం లేదు. 2024 నవంబరులో వచ్చిన కొత్త ఈవీ పాలసీ ప్రకారం 2026 డిసెంబరు 31 వరకు ఎలక్ట్రిక్ టూవీలర్లకు రోడ్ టాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు పూర్తిగా మాఫీ.

ఇక అసలు విషయం, ‘సగటున ఇరవై దాటం’ అనేది. చాలామంది ఇక్కడే పడిపోతున్నారు, ఎందుకంటే వినడానికి లెక్క సరిగ్గా ఉంటుంది. పదిహేను కిలోమీటర్లకి ముప్పావు గంట పడితే సగటు ఇరవయ్యే. కానీ ఆ 45 నిమిషాల్లో సిగ్నళ్ళ దగ్గర, జామ్‌లో 20 నిమిషాలు ఆగామనుకోండి. కదిలింది 25 నిమిషాలే. ఆ 25 నిమిషాల్లో 15 కిలోమీటర్లు రావాలంటే గంటకు 36 కిలోమీటర్ల వేగంతో కదలాలి. అంటే సిగ్నల్ పడగానే చుట్టూ ఉన్న బళ్ళన్నీ నలభైకి చేరుకుంటాయి, మనం ఇరవై ఐదు దగ్గరే ఉంటాం. ఆఫీసుకి పదకొండు నిమిషాలు లేటవడం పెద్ద సంగతేం కాదు. వెనక నుంచి వచ్చే ఆర్టీసీ బస్సు, టిప్పరు ప్రతిసారీ మనల్ని తప్పించుకుంటూ పోవాలి. సమస్య అదీ.

ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు ఇది ఇంకా ఘోరం. ఒకరోజు సాయంత్రం వదిన పదేళ్ళ కొడుకుని వెనక కూర్చోబెట్టుకుని బేగంపేట ఫ్లైఓవర్ ఎక్కింది. మీటరు ఇరవై నాలుగు నుంచి పద్దెనిమిదికి, పద్నాలుగుకి, ఆ తర్వాత పదికి పడిపోయిందట. యాక్సిలరేటర్ మొత్తం తిప్పే ఉంది. వెనక బస్సు హారన్ ఆపకుండా కొడుతోంది. పక్కకు తీద్దామంటే ఎడమవైపు గోడ. వాడు “అమ్మా, నేను దిగి నడుస్తా” అన్నాడట. ఇంటికొచ్చాక ఆమె చేతులు వణకడం నేను చూశాను.

బండి పాడవలేదు. 250 వాట్ల మోటారు అంతే లాగగలదు. బండి 60 కిలోలు, బ్యాటరీలు 35, ఇద్దరు మనుషులు 90, మొత్తం 185 కిలోలు. వంద అడుగులు ముందుకు వెళ్తే ఐదు అడుగులు పైకెక్కే ఏటవాలు మీద ఆ బరువుని లాగడానికి, టైర్ల రాపిడితో కలిపి దాదాపు 118 న్యూటన్ల బలం కావాలి. 250 వాట్లతో అంత బలం ఇస్తూ వెళ్ళగలిగే వేగం గంటకు ఏడెనిమిది కిలోమీటర్లే. కాసేపు మోటారు అంతకంటే ఎక్కువ కరెంటు తీసుకుని ఈడుస్తుంది, ఆపైన వేడెక్కుతుంది. చదును రోడ్డు మీద ఒక్కరే వెళ్తే ఈ లెక్కంతా అక్కర్లేదు, 25 హాయిగా వస్తుంది. కానీ హైదరాబాద్‌లో చదును రోడ్డు ఎంత దూరం దొరుకుతుంది? బంజారాహిల్స్, జూబ్లీహిల్స్ ఎత్తుపల్లాల గురించి చెప్పక్కర్లేదు. ఈసీఐఎల్ నుంచి వచ్చే ఆ అమ్మాయి దారిలోనూ బ్రిడ్జిలు ఎక్కి దిగాల్సిందే.

హెల్మెట్ సంగతి. 25 కిలోమీటర్ల వేగంతో వెళ్తూ దేన్నైనా గుద్దుకోవడం అంటే ఎనిమిది అడుగుల ఎత్తు నుంచి కింద పడ్డట్టు. డాబా మీద నుంచి తల కిందులుగా పడినా ఏం కాదని ఎవరైనా అంటే నమ్ముతామా? ఇన్సూరెన్స్ కూడా అంతే. తప్పనిసరి కాకపోవడం అంటే, రేపు ఒక పెద్దాయన్ని మన బండి తగిలి ఆయన కాలు విరిగితే ఆస్పత్రి ఖర్చు మన జేబులోంచే అని అర్థం. 2022లో కేంద్రం ప్రకటించిన రేట్ల ప్రకారం 3 నుంచి 7 కిలోవాట్ల ఎలక్ట్రిక్ టూవీలర్‌కి థర్డ్ పార్టీ ప్రీమియం ఏడాదికి 607 రూపాయలు, పైన జీఎస్టీ. దీన్ని మిగుల్చుకోవడం కోసమా ఇంత రిస్క్?

‘అరవై వేలు మిగులుతాయి’ అన్న లెక్కలో బ్యాటరీ లేదు. ఆ ధరకి వచ్చే బళ్ళలో ఎక్కువ వాటికి సీసం బ్యాటరీలే ఉంటాయి, ఇన్వర్టర్ బ్యాటరీ జాతి, నాలుగో ఐదో వరసగా కలిపి. వదిన బండి కొత్తలో చార్జింగ్‌కి 60 కిలోమీటర్లు వచ్చింది. మొదటి ఎండాకాలం దాటేసరికి 45 అయింది. తర్వాత పొద్దున ఫుల్ చార్జ్‌తో వెళ్ళినా సాయంత్రం తార్నాక దగ్గరకి వచ్చేసరికి చివరి గీత మిగిలేది. పద్నాలుగో నెలలో, 8,000 కిలోమీటర్ల దగ్గర, ఐదు బ్యాటరీలూ మార్చాల్సి వచ్చింది. పాతవి వెనక్కి ఇస్తే 13,500. ఆ లెక్కన బ్యాటరీ అరుగుదలే కిలోమీటరుకి దాదాపు 1 రూపాయి 70 పైసలు. కరెంటు పావలా, ముప్పై పైసలు. మనం లెక్కపెట్టేది మాత్రం కరెంటునే.

సీసం బ్యాటరీ ఎండని తట్టుకోదు. చార్జ్ పూర్తిగా దించేసి రాత్రంతా అలాగే వదిలేస్తే లోపలి పలకల మీద సల్ఫేట్ గట్టిపడి మళ్ళీ పూర్తిగా ఎక్కదు. ఆఫీసు నుంచి అలసిపోయి వచ్చి చార్జింగ్ పెట్టడం మర్చిపోయే మనలాంటి వాళ్ళకి అది సరిపడే బ్యాటరీ కాదు. పెద్ద బళ్ళలో ఉండేది లిథియం. 3 ఏళ్ళు లేదా 50,000 కిలోమీటర్ల వారంటీ మామూలు, కొన్ని కంపెనీలు అదనంగా డబ్బు కడితే 8 ఏళ్ళ దాకా పెంచుతున్నాయి. వారానికి ఐదు రోజులు, రోజుకి 30 కిలోమీటర్లు, నాలుగేళ్ళు తిరిగే మనిషికి చిన్న బండి 60,000, మూడుసార్లు బ్యాటరీలు 40,500, మొత్తం లక్ష దాటింది. తేడా అరవై వేలు కాదు, ఇరవై వేలు. అదీ చివర్లో తగ్గిపోతుంది: పెద్ద బండికి ఆర్సీ ఉంటుంది, అమ్ముకోవచ్చు. ఆర్సీ లేని, బ్యాటరీ అయిపోయిన బండికి షాపువాడు తుక్కు ధర చెప్పాడు. చిన్న బళ్ళలోనూ లిథియంతో వచ్చేవి ఉన్నాయి, కొనేముందు అడగండి. అప్పుడు ధర అరవై వేల దగ్గర ఆగదు.

పేలుళ్ళ గురించి తేలిగ్గా మాట్లాడను. 2022 సెప్టెంబరు 12న సికింద్రాబాద్‌లో ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూమ్‌లో మంటలు లేచి, పై అంతస్తుల్లోని లాడ్జిలో పొగ కమ్ముకుని ఎనిమిది మంది చనిపోయారు. అదే ఏడు నిజామాబాద్‌లో ఇంట్లో చార్జింగ్ పెట్టిన బ్యాటరీ పేలి ఒక పెద్దాయన పోయారు. లిథియంతో పోలిస్తే సీసం బ్యాటరీకి అలా భగ్గుమనే గుణం తక్కువన్నది నిజం, ఒప్పుకుంటాను. కానీ అతిగా చార్జ్ చేస్తే దాన్నుంచీ హైడ్రోజన్ వస్తుంది, తలుపులు మూసిన గదిలో అదీ ప్రమాదమే. ఆ ఏడాది వరస ప్రమాదాల తర్వాత రిజిస్టరయ్యే బళ్ళ బ్యాటరీలకి ఏఐఎస్-156 అనే భద్రతా నిబంధనలు బిగించారు. మొదటి దశ 2022 డిసెంబరు నుంచి, రెండోది 2023 మార్చి ఆఖరు నుంచి అమల్లోకి వచ్చాయి. కాబట్టి అంతకుముందు తయారైన సెకండ్ హ్యాండ్ బండి చవగ్గా వస్తుందంటే బాగా ఆలోచించండి. ఏ బండైనా మెట్ల కింద చార్జింగ్ పెట్టకండి. మంటొస్తే పైనున్న వాళ్ళందరికీ దిగే దారి అదొక్కటే.

‘పిల్లలు నడుపుకోవచ్చు’ అన్న వాక్యం చదివి నాకు నిజంగా కోపం వచ్చింది. చాలామంది ఇళ్ళలో ఉన్నది ప్లగ్గు ఊడదీసిన బండి. దాన్ని మైనర్ నడిపితే మోటారు వాహనాల చట్టం 199ఏ సెక్షన్ కింద తల్లిదండ్రులకి మూడేళ్ళ వరకు జైలు, 25,000 జరిమానా ఉన్నాయి. చట్టం పక్కనపెట్టినా, ఎనిమిదో క్లాసు పిల్లాణ్ణి మెయిన్ రోడ్డు మీద ఆ బస్సుల మధ్యకి పంపమని సలహా ఇచ్చేవాళ్ళకి మనసెలా ఒప్పింది?

కరెంటు ఫ్రీ అని కూడా చివర్లో ఒక ముక్క ఉంది. తెలంగాణ ప్రభుత్వ ఉచిత కరెంటు పథకం గృహజ్యోతి వర్తించే ఇళ్ళలో 200 యూనిట్ల వరకే జీరో బిల్లు. ఇప్పటికే 180 వాడే ఇంట్లో స్కూటర్ నెలకి ఇంకో 40 తీసుకుంటే మొత్తం బిల్లు కట్టాలి, వెయ్యి దాటుతుంది. ఇది రెండు రకాల బళ్ళకీ వర్తిస్తుంది.

చిన్న బండి పనికిరాదని నేను అనను. వదిన ఇప్పటికీ దాన్నే నడుపుతోంది. నాచారం నుంచి లోపలి రోడ్ల మీదుగా హబ్సిగూడ మెట్రో స్టేషన్ దాకా, అక్కడ పార్క్ చేసి రైలెక్కి బేగంపేట. హెల్మెట్ పెట్టుకుంటుంది. రెండో సెట్ బ్యాటరీలు ఇంకా బాగానే ఉన్నాయి, ఎందుకంటే రోజూ చార్జ్ కొంచెమే దిగేలా వాడుతోంది. ఆ పనికి లక్షా ఇరవై వేల బండి కొనమని ఎవరైనా అంటే నేనే వద్దంటాను.

ఈసీఐఎల్ అమ్మాయికి మాత్రం ఒకటే చెప్పాను: తమ్ముణ్ణి వెనక కూర్చోబెట్టుకుని ఏదైనా బ్రిడ్జి ఎక్కించి చూడు, ఎక్కితే కొనుక్కో. షాపువాళ్ళు టెస్ట్ రైడ్ గల్లీ దాటనివ్వలేదట. ఇప్పుడు ఈఎంఐ మీద పెద్ద బండి చూస్తోంది. స్టిల్ట్ పార్కింగ్‌లో చార్జింగ్ పాయింట్‌కి ఓనర్ ఒప్పుకున్నారు, కాకపోతే వైరు కామన్ మీటర్ నుంచి కాకుండా ఆమె ఫ్లాట్ మీటర్ నుంచి లాగాలన్నారు. ఎలక్ట్రీషియన్ ఆదివారం వస్తానన్నాడు.