మధ్య బెంచీ పిల్లల మాటేమిటి?

ఏటా జూన్ 12న తెలుగు రాష్ట్రాల్లో బడులు తెరుస్తారు. తొలి వారమంతా పుస్తకాల పంపిణీ, యూనిఫాం లెక్కలు, ఆధార్ వివరాల సవరణలతోనే గడిచిపోతుంది. ఆ హడావిడిలో క్లాస్ టీచర్ దృష్టిలో ముందుగా పడేది రెండు రకాల పిల్లలు. టకటకా జవాబు చెప్పేవాళ్లు, అల్లరి చేసేవాళ్లు. మిగిలిన ఇరవై, పాతిక మంది వేళకు వస్తారు, హోంవర్క్ ఎలాగో పూర్తిచేస్తారు, అత్తెసరు మార్కులతో గట్టెక్కుతారు. ఎవరి జోలికీ పోరు. పదో తరగతి అయ్యాక టీసీ కోసం వస్తే, ‘ఏ సెక్షనమ్మా నువ్వు?’ అని అడుగుతారు మాస్టారు. ఐదేళ్లు ఆయన ఎదుటే కూర్చున్న పిల్ల ఏం చెబుతుంది?

ఇందులో ఆ మాస్టారి చెడ్డతనం ఏమీ లేదు. హైస్కూల్లో ఒక స్కూల్ అసిస్టెంట్ (సబ్జెక్టు టీచర్) నాలుగైదు సెక్షన్లకు పాఠం చెబుతారు. సెక్షన్‌కు నలభై మంది చొప్పున నూట అరవై నుంచి రెండు వందల ముఖాలు. నలభై అయిదు నిమిషాల పీరియడ్‌లో హాజరుకు ఐదు నిమిషాలు పోతే, తలకు ఒక్క నిమిషం మిగులుతుంది. అందులోనే పాఠం కూడా. కాబట్టి ప్రతి బిడ్డనూ గుర్తించడాన్ని టీచర్ మంచితనానికి వదిలేస్తే కుదరదు. సిలబస్‌కు ప్లాన్ రాసుకున్నట్టే దీనికీ ఒక పద్ధతి పెట్టుకోవాలన్నది మా అభిప్రాయం.

జూలైలో ఒక శనివారం, హాజరు పట్టీ మూసి, తెల్ల కాగితం మీద తన తరగతి పిల్లల పేర్లన్నీ గుర్తున్న వరుసలో రాయమనండి ఏ టీచర్‌నైనా. మొదటి పది పేర్లు గబగబా వస్తాయి. ముప్పై దాటాక కలం ఆగుతుంది. ఆగిన చోటు నుంచి చివరిదాకా ఉన్న పేర్లు, అసలు గుర్తుకే రాని పేర్లు, అవీ ఆ టీచర్ చూపు చేరని పిల్లలవి. ప్రతి పేరు పక్కన మార్కులతో సంబంధం లేని ఒక్క సంగతి రాయాలి. ఈత కొడతాడు, తమ్ముణ్ని అంగన్‌వాడీలో దింపి వస్తుంది, ట్రాక్టర్ బొమ్మలు గీస్తాడు, ఇలాంటివి. ఖాళీగా మిగిలిన గళ్లతోనే ఆ ఏడాది పని మొదలవ్వాలి.

ఆ పనికి తేలికైన దారి ఒకటుంది. రోజుకు రెండు నిమిషాలు, వరుసగా పది పనిదినాలు, ఒకే బిడ్డతో చదువు ఊసు లేని మాటలు. మధ్యాహ్న భోజనం ప్లేట్లు కడిగే చోటో, ప్రార్థనకు ముందు వరండాలోనో సరిపోతుంది. మొదటి మూడు, నాలుగు రోజులు ‘ఆఁ సార్’, ‘లేద్సార్’ తప్ప ఇంకేం రాదు. మాస్టారు పిలిస్తే తిట్టడానికేనని అలవాటు పడిన బిడ్డ ఆ మాత్రం జంకుతుంది. చాలామంది ఇక్కడే వదిలేస్తారు. నాలుగో రోజున మానేసిన పలకరింపు బిడ్డకు అసలు పలకరించకపోవడం కంటే ఎక్కువ బాధ. రెండో పొరపాటు, ఇంటి గుట్టు అడగడం. ‘మీ నాన్న ఏం చేస్తాడు, తాగుతాడా?’ అన్న ప్రశ్నతో ఆ నోరు మళ్లీ మూతపడుతుంది. మేకపిల్ల గురించో, కబడ్డీ గురించో, నిన్నటి వాన గురించో అడిగితే చాలు. విద్యాహక్కు చట్టం ప్రకారం ఆరు నుంచి ఎనిమిది తరగతులకు ఏడాదికి 220 పనిదినాలు. పది రోజులకొకరు చొప్పున ఇరవై రెండు మంది. గళ్లు ఖాళీగా మిగిలిన పిల్లలు దాదాపు అంతమందే ఉంటారు.

ఇక పాఠం జరిగేటప్పటి సంగతి. ‘అర్థమైందా?’ అని టీచర్ అడగడం, ‘అర్థమైంది సార్!’ అని తరగతి మొత్తం ఏకకంఠంతో అరవడం మన బళ్లలో రోజూ వినేదే. మధ్య బెంచీ పిల్ల దాక్కునేది ఆ అరుపులోనే. 1970లలో అమెరికా పరిశోధకురాలు మేరీ బడ్ రో తరగతి గదుల సంభాషణలను రికార్డు చేసి చూస్తే, ప్రశ్న వేశాక టీచర్లు ఆగేది ఒక సెకను పాటేనని తేలింది. దాన్ని మూడు సెకన్లు చేస్తే జవాబులు పెద్దవయ్యాయి, అంతకుముందు నోరు విప్పనివాళ్లు విప్పారు. మూడు సెకన్ల మౌనం టీచర్‌కు చాలా పొడుగ్గా అనిపిస్తుంది. మనసులో ఒకటి, రెండు, మూడు లెక్కపెట్టుకోవడమే ఉపాయం. ముందు ప్రశ్న, తర్వాత మౌనం, ఆఖర్న పేరు. పేరు ముందే పిలిస్తే మిగతా ముప్పై తొమ్మిది మంది ఆలోచించడం మానేస్తారు. రోల్ నంబర్ల చీటీలు డబ్బాలో వేసి తీసే పద్ధతి మంచిదే కానీ, తీసిన చీటీ మళ్లీ అందులో వేయాలి. లేకపోతే ‘నా వంతు అయిపోయింది’ అని బిడ్డ నిశ్చింతగా కూర్చుంటుంది. జవాబు రాకపోతే వెంటనే క్లాస్ ఫస్ట్ వైపు తిరిగి ‘నువ్వు చెప్పమ్మా’ అనడం అలవాటుగా జరిగిపోతుంది. దాని బదులు వేరొకరు చెప్పాక మళ్లీ మొదటి బిడ్డ దగ్గరికే వచ్చి, విన్నది తన మాటల్లో చెప్పించాలి.

నోట్సు దిద్దడం దగ్గర కొంచెం ఆగాలి. 345లోంచి 178 తీసివేయమంటే ఒక బిడ్డ 233 అని రాసింది. ఎర్ర పెన్ను అడ్డంగా ఇంటూ కొట్టి, సంతకం, తేదీ వేసి ముందుకు పోతుంది. కానీ ఆ 233ను ఒక్క క్షణం చూడండి. ఒకట్లలో 5, 8 ఉన్నాయి, తేడా 3. పదుల్లో 4, 7, తేడా 3. వందల్లో 3, 1, తేడా 2. బిడ్డ అజాగ్రత్తగా చేయలేదు. ‘పెద్దదాంట్లోంచి చిన్నది తీసెయ్యాలి’ అని తనకు అర్థమైన సూత్రాన్ని మూడు స్థానాల్లోనూ నిష్ఠగా పాటించింది. ‘5లోంచి 8 పోతుందా? పక్కన ఉన్న పదిని అప్పు అడిగావా?’ అని ఒక్క వాక్యం రాస్తే, తన ఆలోచనను ఎవరో చదివారని ఆ బిడ్డకు తెలుస్తుంది. నలభై నోట్సుల్లోనూ రోజూ ఇలా రాయడం అసాధ్యం. రోజుకు ఐదు క్షుణ్నంగా, మిగతావి టిక్కులతో చూస్తే ఎనిమిది రోజులకు తరగతి మొత్తం తిరిగి వస్తుంది. అందరికీ ఒకే ‘వెరీగుడ్’ రాయడం కంటే ఇది ఎన్నో రెట్లు మేలు.

పేర్ల విషయంలో మన బళ్లు మరీ నిర్దయగా ఉన్నాయి. ఒకే పేరున్న ఇద్దరుంటే ఒకరు పొట్టి, ఒకరు పొడుగు. రంగును బట్టి ఒకరికి మారుపేరు. ‘స్కాలర్‌షిప్ వాళ్లు లేచి నిలబడండి’ అంటూ నిండు తరగతిలో కులాన్ని చాటింపు వేయడం, ఫీజు కట్టలేదని ప్రైవేటు బళ్లలో గుమ్మం బయట నిలబెట్టడం ఇంకా సాగుతూనే ఉన్నాయి. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ దెబ్బలతో పాటు మానసిక వేధింపునూ నిషేధించింది. ధ్రువపత్రాల వివరాలు కావాలంటే లీజర్ పీరియడ్‌లో ఒక్కొక్కరినీ స్టాఫ్ రూంకు పిలిచి అడగడానికి అడ్డేమీ లేదు.

ఇంటి భాష వేరైన పిల్లల పరిస్థితి మరీ కష్టం. పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి పంతులు సవర గిరిజనులకు చదువు చెప్పాలనుకున్నప్పుడు ముందు తాను సవర భాష నేర్చుకున్నారు. ఆ భాషలోనే వాచకాలు రాశారు. ఏటా ఆగస్టు 29న ఆయన పటానికి దండ వేసే ప్రతి బడికీ ఈ సంగతి తెలియాలి. ఉమ్మడి రాష్ట్రంలో 2003-04లో కోయ, గోండి, కొలామి, సవర వంటి ఎనిమిది గిరిజన భాషల్లో బోధన మొదలైంది కూడా. ఏజెన్సీకి కొత్తగా వెళ్లిన ఎస్‌జీటీ (ప్రాథమిక తరగతుల టీచర్) ఆ భాష మొత్తం నేర్వకపోయినా, ‘రా’, ‘కూర్చో’, ‘తిన్నావా’, ‘భయపడకు’, ‘బాగుంది’ అన్న ఐదు మాటలు మొదటి వారంలోనే పిల్లల చేత చెప్పించుకుని నేర్చుకోవచ్చు. టీచర్ తప్పు పలికితే పిల్లలు నవ్వుతారు, సరిదిద్దుతారు. ఆ రోజుకు గురువులు వాళ్లే.

పత్తి తీతల రోజుల్లో కర్నూలు, గద్వాల ప్రాంతాల బళ్లలో బెంచీలు ఖాళీ అవుతాయి. మిరప కోతల కాలంలో గుంటూరు, ఖమ్మం వైపు కూడా ఇంతే. నెల తర్వాత వచ్చిన బిడ్డకు గుమ్మంలోనే ‘ఇన్నాళ్లూ ఎక్కడికి పోయావ్?’ అన్న గద్దింపు ఎదురైతే మర్నాడు మళ్లీ చేనికే పోతుంది. రాలేని రోజుల పాఠాలను పక్క బిడ్డ చేత విడి కాగితాల మీద రాయించి ఉంచి, రాగానే చేతికి ఇస్తే, తను లేని లోటు బడికి తెలిసిందన్న నమ్మకంతో కూర్చుంటుంది.

ఇదంతా టీచర్లు ఒంటరిగా మోయలేరు. హాజరు, భోజనం లెక్కలు, ఇతర వివరాలు అన్నీ ఫోన్ యాప్‌లోనే నమోదు చేయాలి. పీరియడ్ మధ్యలో ఫోన్ పట్టుకోవాల్సి వస్తే, తల ఎత్తి పిల్లల ముఖాలు చూసే తీరిక ఎక్కడిది? డేటా నమోదును బోధనేతర సిబ్బందికి అప్పగించాలని రెండు ప్రభుత్వాలనూ కోరుతున్నాం. చుట్టుపక్కల బడుల టీచర్లంతా కలిసే నెలనెలా కాంప్లెక్స్ సమావేశాల్లో శాతాల సమీక్షకు పోయే సమయంలోంచి ఒక అరగంట తీసి, ‘మీ జాబితాలో ఏ పేర్లు గుర్తుకు రాలేదు, వాళ్ల కోసం ఈ నెల ఏం చేశారు?’ అన్న చర్చకు ఇవ్వాలి. ఎంఈఓ (మండల విద్యాధికారి) తనిఖీకి వచ్చినప్పుడు క్లాస్ ఫస్ట్‌ను లేపి పద్యం చెప్పించుకోవడం మాని, హాజరు పట్టీలో మధ్యనున్న ఏదో ఒక పేరు మీద వేలు పెట్టి, ఆ బిడ్డ గురించి రెండు ముక్కలు చెప్పమని టీచర్‌ను అడగాలి.