మా హెడ్మాస్టారి తరఫున ఎవరూ క్షమాపణ చెప్పనక్కరలేదు

ఈసారి మన తెలుగు సంఘం ఉగాది సంబరాల్లో నాటిక ముగిసి తెర పడింది. చప్పట్లు ఇంకా ఆగలేదు, అంతలోనే కార్యవర్గం తరఫున ఒకరు మైకు అందుకున్నారు. "ఇది కేవలం కల్పితం. మన పెద్దవాళ్ళు ఎవరూ ఇలా ఉండరు. ఎవరి మనసైనా నొచ్చుకుని ఉంటే సంఘం తరఫున క్షమించండి" అని ప్రకటించారు. ఆ వెంటనే లక్కీ డ్రా మొదలైంది. వెండి కుంది ఎవరికి వచ్చిందో సభలో అందరికీ గుర్తుంది. నాటిక రాసిన నాకు మాత్రం ఆ క్షమాపణే గుర్తుంది.

భోజనాల వరుసలో ముందు నిలబడదామని మధ్యలో లేచి వెళ్ళినవారి కోసం కథ చెబుతాను. రామ్మూర్తి గారు జిల్లా పరిషత్ హైస్కూల్లో హెడ్మాస్టారుగా రిటైరయ్యారు. పొలం గట్టు తగాదా వచ్చినా, సంబంధం కుదుర్చుకోవాలన్నా ఊరంతా ఆయన అరుగు మీదికే వస్తుంది. అలాంటి మనిషి ఆరు నెలల విజిటర్ వీసా మీద విదేశంలో ఉన్న కొడుకు ఇంటికి వచ్చారు. ఇక్కడ టీవీ పెట్టాలన్నా, గది వెచ్చగా చేసుకోవాలన్నా ఎనిమిదేళ్ళ మనవణ్ణి అడగాలి. ఒక మధ్యాహ్నం కోడలికి సాయం చేద్దామని గిన్నెలన్నీ డిష్‌వాషర్‌లో సర్ది, సింకు పక్కనున్న గిన్నెల సబ్బు ధారాళంగా పోసి మీట నొక్కారు. (ఇక్కడికి వచ్చిన కొత్తలో ఈ పని చేయనివారు ఎవరైనా ఉంటే చేయెత్తండి. ఆ సబ్బు నురగ రావడానికే తయారవుతుంది, యంత్రంలో వేసేది నురగ రాకుండా తయారవుతుంది. ఈ సంగతి సీసా మీద చదివి తెలుసుకున్నవారిని నేను చూడలేదు.) వంటగదంతా మోకాలి ఎత్తు నురగ. బడి బస్సు దిగి వచ్చిన మనవడు సంబరపడి మేజోళ్ళతోనే అందులో గంతులు వేస్తుండగా తండ్రి లోపలికి వచ్చాడు.

"ఎవరు చేశారిది?"

హెడ్మాస్టారు ఒక్క క్షణం ఆగి అన్నారు: "చిన్నవాడు, తెలియక చేసి ఉంటాడు. కోప్పడకురా."

పిల్లవాడు తాతగారి ముఖంలోకి చూశాడు. ఏమీ అనలేదు. వాడి టాబ్లెట్ వారం పాటు బీరువా ఎక్కింది. హెడ్మాస్టారు కిటికీ దగ్గరికి వెళ్ళి, పొద్దున్నే నీళ్ళు పోసిన కరివేపాకు కుండీకి మళ్ళీ నీళ్ళు పోశారు. ఇది స్క్రిప్టులో లేదు. ఆ పాత్ర వేసిన మిత్రుడు రిహార్సల్లో తనంతట తాను కనిపెట్టినది. నేను రాసిన మాటలన్నిటికంటే అదే బాగుంది.

కార్యవర్గం నాతో పేచీ పెట్టుకున్నది "చేసి ఉంటాడు" అన్న ఆ ఒక్క మాట దగ్గరే. రిహార్సల్ చూసి ఒక సలహా ఇచ్చారు. "తాతగారికి ఏదో ఒక లోపం ఉండాలంటారు, ఉండనివ్వండి. మతిమరుపు పెట్టండి. కళ్ళజోడు నుదుటి మీద పెట్టుకుని ఇల్లంతా వెతుకుతాడు. నవ్వొస్తుంది, ఎవరికీ బాధ ఉండదు." ఎవరికీ బాధ ఉండదన్న మాట నిజమే. అలాంటి లోపం చంటిబిడ్డ బుగ్గన పెట్టే దిష్టిచుక్క లాంటిది. బిడ్డ అందం మీద నమ్మకం ఉన్నవాళ్ళే ఆ చుక్క పెడతారు. మన సంచికలకు వచ్చే కథల్లో ఈ చుక్కలు కోకొల్లలు. నాయిక మరీ సున్నిత మనస్కురాలు, నాయకుడు మరీ కష్టజీవి, బామ్మకు సీరియళ్ళ పిచ్చి. వాటి వల్ల ఆ ఇంట్లో ఎవరికీ నిద్ర పట్టని రాత్రి రాదు.

పాత్రను నమ్మించే లోపం చాలాసార్లు ఆ మనిషి మంచితనంలోంచే పుడుతుందని నా అనుభవం. రామ్మూర్తి గారు దుర్మార్గుడైతే కథే లేదు. నలభై ఏళ్ళు తప్పులు దిద్దిన మనిషి కాబట్టే తన తప్పు ఒప్పుకోవడం ఎలాగో ఆయనకు తెలియదు. ఊళ్ళో ఆ అవసరమే రాలేదు. ఇక్కడ ప్రతి మీట దగ్గరా ఓడిపోతున్న మనిషికి మిగిలిన ఒకే ఒక్క ఆస్తి పిల్లవాడి దృష్టిలో ఉన్న పెద్దరికం. దాన్ని కాపాడుకోబోయి ఆ పిల్లవాణ్ణే బలిపెట్టారు. గమనించండి, ఆయన అబద్ధం కూడా ఆడలేదు. "చేసి ఉంటాడు" అన్నారు, అంతే. పైగా దయ చూపమని సిఫారసు చేశారు! తనను తాను సమర్థించుకునే మాట దొరకని తప్పును సామాన్యుడు చేయడు. రాసేవాళ్ళు ఆ మాట వెతికి పట్టుకుంటే సగం పాత్ర దొరికినట్టే.

ఇదేదో పడమటి దేశాల రచనా శిక్షణ తరగతుల్లో నేర్చుకొచ్చిన విద్య అని ఒక పెద్దమనిషి దెప్పారు. అయ్యా, ద్రోణపర్వం తీయండి. అశ్వత్థామ మరణించాడని గట్టిగా చెప్పి, ఏనుగు సంగతి గొంతులో నలిపేసిన ధర్మరాజు మాట ముందు మా హెడ్మాస్టారిది ఎంత? అప్పటిదాకా నేలకు నాలుగంగుళాల పైన నడిచిన ఆయన రథం ఆ మాటతో నేలను తాకింది. అంతకంటే నాకు ఇష్టమైనది మహాప్రస్థానం. మన తెలుగులో అది తిక్కన గారి భాగానికి వచ్చింది. ద్రౌపది పడిపోతుంది, భీముడు కారణం అడుగుతాడు. అర్జునుడి మీద ఆమెకు ఎక్కువ మక్కువ అంటాడు ధర్మరాజు. సహదేవుడికి తెలివి గర్వం, నకులుడికి అందం గర్వం, అర్జునుడు ఒక్కరోజులో శత్రువులందరినీ కాల్చేస్తానని ప్రగల్భం పలికాడు. చివరికి భీముడు తాను పడిపోతూ కూడా అడుగుతాడు. అతిగా తిన్నావు, బలం చూసుకుని విర్రవీగావు అని జవాబు. వెనక్కి తిరిగి చూడకుండా నడుస్తూ ఇంటిల్లిపాది లోపాలూ అప్పజెప్పిన ఆ పెద్దాయన తన జూదం ఊసు ఎత్తడు. అడగడానికి ఎవరూ మిగలలేదు కదా! ద్రోణుడికి చెప్పిన ఆ మాట కోసం కాసేపు నరకం చూడవలసి వచ్చిందని ఇంద్రుడు చెబితే గాని ఆ లెక్క బయటికి రాదు. మన సంస్కృతిని పిల్లలకు అందిస్తున్నామని ప్రతి సభలోనూ చెప్పుకునే మనం ఈ పేజీలను మాత్రం ఎందుకు దాటవేస్తాం?

కన్యాశుల్కం మన వేదికల మీద ఎన్నిసార్లు ఆడలేదు! గిరీశాన్ని చూసి పొట్ట చెక్కలయ్యేలా నవ్వుతాం. అతడు మన బంధువు కాడని ధీమా. 1909లో గురజాడ తిరగరాసిన కూర్పులో నన్ను ఎక్కువగా పట్టుకునేది సౌజన్యారావు పంతులు. నిజంగా మంచివాడు, లుబ్ధావధాన్లకు అండగా నిలిచిన వకీలు. అయితే వేశ్యల ముఖం చూడనని వ్రతం పట్టాడు. ఆ వ్రతం వల్లే మధురవాణి ఆయన గడప తొక్కడానికి మగవేషం వేయవలసి వచ్చింది. ఆ మంచితనమే ఆయన కంటికి అడ్డం. గురజాడ తరఫున ఎవరైనా మైకు పట్టుకుని క్షమాపణ చెప్పారా?

అవతలి వాదం కూడా వింటాను. ఒక తల్లి నాతో అన్నారు: "ఇక్కడ పిల్లలు తాతగారిని చూసేదే రెండేళ్ళకొకసారి. ఆ కాస్త చూపులోనూ మచ్చ చూపించాలా?" ఆ మాటలో బెంగ ఉంది, దాన్ని తేలికగా తీసేయలేను. మనిషికి చెందవలసిన లోపాన్ని ఒక కులానికో ప్రాంతానికో యాసకో తగిలిస్తే ఏమవుతుందో కూడా తెలుసు. చింతామణి నాటకంలో సుబ్బిశెట్టి పాత్ర మీద ఒక సామాజిక వర్గం ఏళ్ళ తరబడి అభ్యంతరం చెప్పింది, 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆ నాటక ప్రదర్శనను నిషేధించింది. నిషేధం నాకు నచ్చలేదు. ఆ నొప్పిలో న్యాయం లేదని మాత్రం అనను. హెడ్మాస్టార్లందరూ ఇంతే అని నా నాటిక చెప్పి ఉంటే నన్ను కూడా నిలదీయండి. నేను పెద్దల పక్షమూ కాదు, పిల్లల పక్షమూ కాదు. కానీ ఆ కరివేపాకు కుండీ దగ్గర వంగి నిలబడిన వీపును చూసి ఆయన మీద గౌరవం పోయిందంటే, ఆ చూపునే అనుమానిస్తాను. తెలుగు బడిలో చదివే ఒక అమ్మాయి నాటిక అయ్యాక నా దగ్గరికి వచ్చి, "తర్వాత తాతగారు వాడికి సారీ చెప్పారా?" అని అడిగింది. ఆయన మీద ఆశ వదులుకోలేదన్నమాట.

ఇంకో సంగతి. ఆ నాటికలో కొడుకు ఉన్నాడు. వచ్చీ రాగానే కేకలు వేశాడు, పిల్లవాణ్ణి ఒక్క ప్రశ్న అడగలేదు, తండ్రికి ఆ యంత్రం ఎలా వాడాలో ఎన్నడూ చూపించలేదు. పగలంతా ఆయనను ఒంటరిగా వదిలి రాత్రి "కాలక్షేపం అయిందా నాన్నగారూ" అని ఫోను చూస్తూ అడిగాడు. అతడి గురించి ఎవరి మనసూ నొచ్చుకోలేదు. ప్రకటనలో అతడి ప్రస్తావనే లేదు. ముందు రెండు వరుసలూ అమ్మానాన్నలవి, మిగతా హాలంతా మనదే. మనల్ని మనం చూసుకుని కూడా ఏ తేడా కనిపించలేదు మనకు.

అందుకని కార్యవర్గానికి ఒక విన్నపం. దీపావళి కథల పోటీ నిబంధనల్లో "పాత్రలు ఆదర్శప్రాయంగా ఉండాలి" అన్న వాక్యం తీసేయండి. కులాన్ని, మతాన్ని, ప్రాంతాన్ని కించపరచరాదన్న నిబంధన ఉంచండి, దానికి నేనే సంతకం పెడతాను. నాటికలకు ముందు గాని తర్వాత గాని వివరణలు వద్దు. నచ్చకపోతే ఆడనివ్వకండి, అది మీ హక్కు. ఆడనిచ్చాక మాత్రం ప్రేక్షకులను నమ్మండి. ఇంకొకటి, పోటీ ప్రకటన ఆగస్టు చివర కాకుండా జూన్‌లోనే వేయండి. ఇప్పుడు వచ్చి ఉన్న అమ్మానాన్నలలో చాలామంది సెప్టెంబరులో తిరుగు విమానం ఎక్కుతారు. మన గురించి వాళ్ళు రాసే కథలు ఒక్కసారైనా ఈ సంచికలో అచ్చు కావాలి. వాళ్ళు కాగితం మీద రాసిస్తే కంప్యూటర్‌లో ఎక్కించే పని నాది.