షియాన్‌లో ఉన్నదంతా సెట్టింగేనా?

చైనాలోని పాత రాజధాని నగరం షియాన్ గురించి, "షియాన్‌లో మట్టి సైనికులు తప్ప చూడ్డానికేం లేదు, వాటినీ కొత్తగా చేసి పెట్టారు, మిగతావన్నీ టూరిస్టుల కోసం వేసిన సెట్టింగులే, ఒక్క రోజు చాలు" అని ఒక పోస్టు వాట్సాప్ గ్రూపుల్లో తెగ తిరుగుతోంది. చైనా వెళ్లేవాళ్లు ఇది నమ్మి ప్లాన్ కుదించుకుంటుంటే బాధేసి రాస్తున్నాను.

ముందు సైనికుల సంగతి. ఇవి చైనా మొదటి చక్రవర్తి సమాధికి కాపలాగా రెండు వేల ఏళ్ల కిందట చేసి పాతిపెట్టిన మట్టి బొమ్మలు. 1974లో బావి తవ్వుతున్న రైతులకు బయటపడినప్పుడు అవి ముక్కలు ముక్కలుగా ఉన్నాయి. ఆ ముక్కల్నే ఏరి, అతికించి నిలబెడుతున్నారు. తవ్విన గుంతల్లో మొదటిదాని వెనకవైపుకి నడిస్తే సగమే అతికించిన బొమ్మలు, తలల్లేని మొండేలు కనిపిస్తాయి. అతికించడం, కొత్తగా చేయడం ఒకటెలా అవుతాయి?

ఒక్క రోజు సరిపోదు. అవి ఉన్నది ఊళ్లో కాదు, తూర్పున దాదాపు 40 కిలోమీటర్ల దూరంలో, లింటాంగ్‌లో. వెళ్లి, చూసి, తిరిగొచ్చేసరికే రోజులో ఎక్కువ భాగం అయిపోతుంది.

ఇక సెట్టింగుల మాట. పెద్ద అడవి బాతు పగోడా పక్కన దీపాలతో మెరిసే వీధి ఈ కాలంలో కట్టిందే, ఒప్పుకుంటాను. కానీ పగోడా? చైనా బౌద్ధ భిక్షువు హ్యుయాన్‌త్సాంగ్ మన దేశం నుంచి మోసుకెళ్లిన గ్రంథాలను దాచడానికి 652లో మొదలైన కట్టడం అది, 704లో మళ్లీ కట్టారు, తర్వాత మరమ్మతులూ జరిగాయి. ఆయన నలందలో చదివి ఊరుకోలేదు, మన ధాన్యకటకం దాకా, అంటే ఇప్పటి అమరావతి ప్రాంతం దాకా వచ్చి ఇక్కడి ఆరామాల గురించి రాసిపెట్టాడు. తెలుగువాళ్లం ఆ గోపురం ముందు నిలబడి సెల్ఫీ తీసుకుని వచ్చేస్తే ఎలా?

కోటగోడ 14వ శతాబ్దపు మింగ్ కాలంనాటిది, చుట్టుకొలత 13.7 కిలోమీటర్లు. పై ఇటుకల్లో ఈమధ్య మార్చినవి చాలా ఉన్నాయి గానీ లోపల దిమ్మిసతో కొట్టి గట్టిపరిచిన మట్టి పాతదే. పైన సైకిల్ అద్దెకిస్తారు, తొక్కండి.

నాకు అన్నిటికంటే ఇష్టం శిలాశాసనాల మ్యూజియం. 1087లో మొదలైంది. కన్ఫ్యూషియస్ సంప్రదాయ గ్రంథాలను 837 నాటికి 114 రాతి పలకల మీద రెండువైపులా చెక్కారు, అవి అక్కడే ఉన్నాయి. చైనాకు క్రైస్తవం వచ్చిన కథ చెప్పే 781 నాటి రాయీ ఉంది, దాని మీద చైనీస్‌తో పాటు పశ్చిమాసియా క్రైస్తవుల పాత భాష సిరియాక్ అక్షరాలు కూడా. అక్కడ చెక్కిన రాతకు నకలు తీయడానికి రాతికి తడి కాగితం అంటించి, సిరా అద్దిన మెత్తటి గుడ్డ ఉండతో టపటపా తడుతుంటే నల్లటి కాగితం మీద తెల్లటి అక్షరాలు ఒక్కొక్కటే తేలుతూ వస్తాయి. అది చూడ్డానికి పొద్దున్నే వెళ్లండి, మొత్తం ఊరికి కనీసం మూడు రోజులు పెట్టుకోండి.