తెర ఘనం, బొమ్మ గగనం

మన వైజాగ్ కి పెద్ద తెర వచ్చేసిందండీ, ఇక మనకి తిరుగులేదు. మెట్రో రైలు ఏళ్ళ తరబడి కాగితాల మీదే నడుస్తున్నా పర్లేదు, మాల్ పై అంతస్తులో గోడంత తెర ఉంది, దానికో ఇంగ్లీషు పేరుంది, ఆ పేరులో ఎక్కడో ఒక ఎక్స్ ఉంది. ఎక్స్ లేని తెరకి మనం డబ్బులివ్వం అని వాళ్ళకి ఎవరు చెప్పారో గానీ కరెక్టుగానే చెప్పారు. ఏ మాల్ అని మాత్రం అడక్కండి, దేశం మొత్తమ్మీద ఇదే తంతు, ఒక్కడిని అని లాభం లేదు.

ముందుగా ఈ తెర గొప్పతనం ఒప్పుకోవాలి. నేను చూసిన ఆటలో అది నిజంగా తెర నిండా, ఈ గోడ నుంచి ఆ గోడ దాకా, నేల నుంచి కప్పు దాకా వెలిగింది. ఏం వేశారనుకున్నారు? భోగాపురం వెంచర్ యాడ్. ఆర్చి గేటు, గేటుకి అటూ ఇటూ రెండు ఏనుగులు, తెల్లబట్టలేసుకున్న మొగుడూ పెళ్ళాం పచ్చగడ్డి మీద ఎందుకో నవ్వుకుంటూ నడుస్తుంటారు, పిల్లాడు గాలిపటం ఎగరేస్తాడు, దాని పైనుంచి విమానం పోతుంది, "ఎయిర్‌పోర్టుకి పది నిమిషాలే" అని సీటు కింద నుంచి బాస్ మోగుతుంది. రాళ్ళ మీద ప్లాట్ నెంబర్లు కూడా చదువుకోవచ్చు, అంత క్లారిటీ. తర్వాత బంగారం షాపు, అదీ తెర నిండానే, హారంలో కెంపులు ఒక్కోటి లారీ టైరంత. తర్వాత సిగరెట్ తాగితే ఊపిరితిత్తులు ఏమౌతాయో చూపించే యాడ్, దాన్ని ఆ సైజులో చూశాక నా పక్క వరసలో ఒకాయన సమోసా కింద పెట్టేశాడు.

అప్పుడు సినిమా మొదలైంది. మొదలవ్వగానే పైనుంచి ఒక నల్ల పట్టీ, కింద నుంచి ఒక నల్ల పట్టీ వచ్చి బొమ్మని మధ్యలో ఇరికించేశాయి. ఏనుగులకి తెర మొత్తం ఇచ్చారు, హీరోకి మధ్య పోర్షన్ అద్దెకిచ్చారు.

నా పక్క సీట్లో అనకాపల్లి నుంచొచ్చిన ఒక పెద్దాయన, మనవణ్ణి తీసుకొచ్చాడు. ఓ పది నిమిషాలు ఓపిగ్గా చూసి నా వైపు వంగి అడిగాడు, "బాబూ, బొమ్మ ఇంతేటి, ఇంకా తెరుచుకుంటాదా?" ఆయన అడిగినదాంట్లో న్యాయం ఉందండీ. పాత సింగిల్ స్క్రీన్లలో యాడ్స్, న్యూస్‌రీలు చిన్నగా నడిచేవి, అసలు బొమ్మ పడేటప్పుడు పక్కనున్న నల్లగుడ్డలు అటూ ఇటూ జరిగి తెర పెద్దదయ్యేది, ఆ జరగడానికే సగం విజిల్స్ పడేవి. ఆయన ఆ విజిల్ నోట్లో రెడీగా పెట్టుకుని కూర్చున్నాడు. ఫైట్ వచ్చింది, "ఇప్పుడు తెరుస్తారు" అన్నాడు. తెరవలేదు. పాట వచ్చింది, ఫారిన్ లో తీశారు, "పాటకైనా తెరవరేటి" అన్నాడు. ఇంటర్వెల్ పడింది, లైట్లు వెలిగాయి, పాప్‌కార్న్ యాడ్ పడింది, తెర మళ్ళీ నిండా తెరుచుకుంది! ఆయన మొహం వెలిగిపోయింది, "అదిగో, సెకండాఫ్ నించి పెద్ద బొమ్మ" అని మనవడికి కూడా చెప్పాడు. సెకండాఫ్ మొదలైంది, పట్టీలు మళ్ళీ దిగాయి. ఆయన టార్చి పట్టుకుని తిరుగుతున్న కుర్రాణ్ణి పిలిచి, "బావూ, ఓనర్ గారికి చెప్పు, మేం మర్చిపోయారనుకుంతన్నాం" అన్నాడు. కుర్రాడు వినయంగా, "కంటెంట్ అలాగే వచ్చింది సార్" అన్నాడు. క్లైమాక్స్ దాకా ఆయనకి ఆశ చావలేదు.

సంగతేంటంటే మన తెలుగు సినిమాలు ఎక్కువ భాగం స్కోప్ లో తీస్తారు, అంటే ఎత్తు 1 అయితే వెడల్పు 2.39. ఈ జెయింట్ తెరలు ఎక్కువగా 1.85, 1.90 కొలతల్లో కడతారు. వెడల్పు సరిపెడితే ఎత్తులో ఐదో వంతు ఖాళీ, ఇంతే లెక్క. తెర 70 అడుగుల వెడల్పు అనుకోండి, ఎత్తు 37 అడుగుల దాకా ఉంటుంది, బొమ్మేమో 29 చిల్లర. నల్ల పట్టీలు రెండూ కలిపితే దాదాపు 530 చదరపు అడుగులు, అంటే 59 గజాలు. సెంటంటే 48.4 గజాలు. మన రాష్ట్రంలో పట్టణాల్లో పేదలకి ఇళ్ళ స్థలం ఎంత ఇచ్చారో గుర్తుందా, ఒక్క సెంటు. అంతకంటే ఎక్కువ జాగా ఇక్కడ ఏసీలో ఖాళీగా, నల్లగా, ఆటకి ఆట పడుంటోంది, దానికి మనం టికెట్ కడుతున్నాం. నన్నడిగితే ఆ పట్టీలకి కూడా లేఅవుట్లకి పర్మిషన్లిచ్చే వీఎంఆర్డీఏ అప్రూవల్ తీసుకుని సరిహద్దు రాళ్ళు పాతేయాలి. ఇంకో విచిత్రం, అంత ఖాళీ జాగా కింద పెట్టుకుని కూడా "పొగ తాగడం ఆరోగ్యానికి హానికరం" అనే అక్షరాలు మాత్రం బొమ్మ మీదే వేస్తారు.

పెద్ద తెర కనిపెట్టినోళ్ళని ఏమీ అనను. ఐమ్యాక్స్ వాళ్ళు 1970 లో ఒసాకా ఎక్స్‌పోలో మొదటి సినిమా వేసినప్పుడు 70 ఎంఎం ఫిల్మ్ ని అడ్డంగా నడిపి, ఒక్కో ఫ్రేముకి ఫిల్మ్ అంచున ఉండే రంధ్రాలు 15 పట్టేంత చోటిచ్చి, ఆ ఫ్రేముకి సరిపడా తెర కట్టారు. బొమ్మ ముందు, గుడ్డ తర్వాత. 2003 లో హైదరాబాద్ లో ప్రసాద్స్ ఐమ్యాక్స్ తెరిస్తే మనోళ్ళు గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి, చుట్టాలింట్లో దిగి మరీ చూసొచ్చారు. 2019 లో సూళ్లూరుపేటలో, అంటే రాకెట్ల ఊరి పక్కన, 100 అడుగుల తెర పెట్టేశారు, ఇంత సముద్రం, ఇంత పోర్టు ఉండి మనం నోరెళ్ళబెట్టి చూశాం. ఏకంగా జంక్షన్ కే సినిమా హాలు పేరు పెట్టుకున్న ఊరండీ ఇది, జగదాంబ అంటే ఆటోవాడికి హాలూ జంక్షనూ ఒకటే. అలాంటి ఊరికి గుడ్డ ముందు, బొమ్మ మీ అదృష్టం అన్నట్టు అమ్ముతున్నారు.

గుడ్డ పెద్దదైతే సరే, దాని మీద వెలుతురేది? 2డి బొమ్మకి తెర మీద 14 ఫుట్‌ల్యాంబర్ట్ ల (తెర వెలుగుని కొలిచే లెక్క లెండి) వెలుగు ఉండాలని డిజిటల్ సినిమా ప్రమాణాల్లోనే రాసుంది, త్రీడీ కళ్ళద్దాలు పెడితే అందులో చాలా భాగం అక్కడే పోతుంది. తెర పెద్దదయ్యే కొద్దీ ల్యాంప్ పవర్ పెరగాలి, ల్యాంప్ పాతబడితే మార్చాలి. మార్చరు. పగలు సీనూ రాత్రి సీనూ ఒక్కలాగే ఉంటే డైరెక్టర్ స్టైల్ అనుకుంటాం మనం, పిచ్చోళ్ళం. ఇదివరకు బొమ్మ కాస్త మసకేస్తే చాలు, నేల నుంచి బాల్కనీ దాకా "ఫోకస్... ఫోకస్ రా" అని హాలంతా లేచేది, పైన కిటికీలో ఆపరేటర్ తల కనపడేది, సరిచేసేవాడు. తిట్టడానికి ఒక మనిషుండేవాడు. ఇప్పుడు ఆ గదిలో ఎవడూ లేడు! నెల జీతం మిగుల్చుకోడానికి ఆ మనిషిని పీకేసి, ప్లేలిస్టు పెట్టేసి, తలుపుకి తాళమేశారు. ఎడమ స్పీకర్ చచ్చిపోయింది మొర్రో అని చెప్తే "మెయిల్ పెట్టండి సార్" అంటాడు, సినిమా నడుస్తుంటే మెయిలా? టికెట్ రేట్ల మీద వచ్చిన 2022 జీవో లెక్కన మల్టీప్లెక్స్ లో మామూలు సీటు 150, రిక్లైనర్ 250, జీఎస్టీ వేస్తే 177, 295, పైన యాప్ వాడి ఫీజు. మల్కాపురం నుంచి ఒకాయన డ్యూటీ ఆఫ్ చూసుకుని పెళ్ళాన్నీ ఇద్దరు పిల్లల్నీ వేసుకుని వస్తే టికెట్లకే 700 దాటిపోతుంది, వాళ్ళకి చూపించేది చీకట్లో చీకటి, సిగ్గు లేదా అసలు? ఆ పిల్లలకి ఇదే పెద్ద తెర అని, ఇంతకంటే ఉండదని నేర్పిస్తున్నారు కదరా.

సరే, బీపీ మాత్ర వేసుకున్నాను. నా విన్నపం ఒకటే, అది తూనికలు కొలతల శాఖ వారికి. బిస్కెట్ ప్యాకెట్ మీద నికర బరువు వేయిస్తున్నారు, పెట్రోల్ బంకులో లీటర్ కొలిచి చూస్తున్నారు, అలాగే టికెట్ మీద కూడా తెర ఇంత, నికర బొమ్మ ఇంత, వెలుతురు ఇంత అని వేయించండి. ఒక ఇన్‌స్పెక్టర్ గారు టేపూ లైట్ మీటరూ పట్టుకుని సెకండ్ షోకి వస్తే చాలు. వారికి రిక్లైనర్ టికెట్ నా ఖర్చుతోనే తీస్తాను. పాప్‌కార్న్ మాత్రం వారే కొనుక్కోవాలి, నా జీతం అంత లేదు.