తలుపు తెరుచుకోదు గానీ చెక్క మాత్రం భలే ఉంది

మొన్న మా అబ్బాయి కొత్త గేమ్ ఏదో ఆడుతుంటే వెనక నిలబడి చూశాను. వాన వెలిసిన వీధి. నీటి గుంటలో బోర్డు లైట్లు వణుకుతున్నాయి. ఓ పాత తలుపు మీద పెచ్చులూడిన రంగు కూడా కనిపిస్తోంది. "ఆ తలుపు తియ్యరా, లోపలేముందో చూద్దాం" అన్నాను. "అది తెరుచుకోదు నాన్నా, ఊరికే బొమ్మ" అన్నాడు, తల తిప్పకుండానే.

గేమ్ గ్రాఫిక్స్ మీద నాకున్న ఫిర్యాదంతా ఆ జవాబులోనే ఉంది.

2007లో క్రైసిస్ అనే గేమ్ వచ్చినప్పుడు ఖరీదైన కంప్యూటర్లు కూడా చేతులెత్తేశాయి. ఎవరు కొత్త మెషిన్ కొన్నా "ఇందులో క్రైసిస్ ఆడుతుందా?" అని అడగడం అప్పట్లో ఓ హాస్యం. అందరూ దాని అడవి అందాన్నే పొగిడారు. ఆ అడవిలో కాల్పులకు చెట్లు విరిగిపడేవని, రేకుల షెడ్లు కూలిపోయేవని ఇప్పుడు ఎంతమందికి గుర్తుందో! ఆ తర్వాత వచ్చిన చాలా గేముల్లో ఆకుల మీద ఈనెలు కూడా కనిపిస్తాయి, చెట్టు మాత్రం కదలదు.

దీనికి ఓ సాంకేతిక కారణం ఉంది. తెర మీద కదలికంతా వరసగా మారే బొమ్మలే, వాటినే ఫ్రేములంటారు. సెకనుకు 60 ఫ్రేములంటే ఒక్కో ఫ్రేముకు దొరికేది 16.7 మిల్లీసెకన్లు. వెలుగు ఒక గోడకు తగిలి ఇంకో గోడ మీదికి ఎలా పాకుతుందో అంతలో లెక్కకట్టడం కుదిరేది కాదు. అందుకని స్టూడియోలు ఆ లెక్కను ముందే గంటల తరబడి చేయించి, వచ్చిన వెలుగునీడల్ని గోడలకు అద్దేసేవి. దీన్నే లైట్ బేకింగ్ అంటారు. ఒకసారి అద్దాక ఆ గోడ కదలకూడదు. కదిలితే నీడ పాత చోటే ఉండిపోయి గుట్టు బయటపడుతుంది.

2018లో ఎన్విడియా కంపెనీ ఆర్‌టీఎక్స్ గ్రాఫిక్స్ కార్డులతో రే ట్రేసింగ్ ఇళ్లలోకి వచ్చింది. వెలుగు దారిని ఆట నడుస్తుండగానే లెక్కకట్టే పద్ధతి ఇది. ప్రకటనల్లో దీన్ని నీటి గుంటల్లో ప్రతిబింబాల కోసం వాడి చూపించారు. నా మటుకు నాకు అది దాని అసలు విలువ కాదు. వెలుగును ముందే అద్దక్కర్లేదు కాబట్టి ఇక గోడ కూలొచ్చు. 2022లో పూర్తిస్థాయిలో విడుదలైన టియర్‌డౌన్ గేమ్ చూడండి. లోకమంతా బుల్లి ఘనాలతో కట్టినది, ఫొటోలా అస్సలు ఉండదు. కానీ గోడకు చిల్లు పెడితే ఎండ అందులోంచి లోపలికి పడుతుంది. పెచ్చులూడిన ఆ తలుపు కంటే ఈ చిల్లే నాకు నిజమైనదిగా కనిపించింది.

2024 చివర్లో వచ్చిన ఇండియానా జోన్స్ గేమ్ రే ట్రేసింగ్ హార్డ్‌వేర్ లేని కంప్యూటర్లో నడవదు. అలాంటివి పెరిగేకొద్దీ బేకింగ్‌ను సాకుగా చెప్పడం కుదరదు.

ఖర్చు సంగతి వేరే. తలుపు తెరుచుకుంటే దాని వెనక గది ఎవరో ఒకరు చెయ్యాలి, అదీ వీధి అంత వివరంగా. కష్టమే, కాదనను. కానీ 2017 నాటి నింటెండో స్విచ్ అనే చిన్న గేమ్ మెషిన్ మీదే 2023లో జెల్డా గేమ్ వచ్చింది. అందులో దొరికిన చెక్కలూ చక్రాలూ అతికించి బండ్లు కట్టుకోవచ్చు. శక్తి తక్కువైనచోట కుదిరింది, ఎక్కువున్నచోట ఎందుకు కుదరదు?

పైగా ఇప్పుడు ఆ శక్తిని కూడా ఎటు మళ్లిస్తున్నారు? 2025లో వచ్చిన డీఎల్ఎస్ఎస్ 4 అనే ఎన్విడియా టెక్నాలజీ, గ్రాఫిక్స్ కార్డు గీసిన ఒక్క ఫ్రేముకు ఏఐతో మూడు దాకా ఊహించి జోడిస్తుంది. కంటికి నునుపుగా ఉంటుంది. బటన్ నొక్కితే స్పందన మాత్రం అంతకంటే త్వరగా రాదు.

ఇప్పుడు ఏ ట్రైలర్ వచ్చినా నేను నీటి గుంటలు చూడటం మానేశాను. ఎవరైనా కుర్చీని తన్నారా, తంతే పడిందా, నీడ దానితోపాటే వాలిందా అని చూస్తున్నా. చాలా ట్రైలర్లలో కుర్చీ జోలికి ఎవరూ పోరు.